రోజుకు ఎంత దూరం?

కారు స్టార్ట్ చేయగానే కిటికీ గట్టు మీది స్టీలు గ్లాసు సన్నగా వణికింది. డీజిల్ ఇంజిన్ చప్పుడు అలాంటిది, చుట్టుపక్కల వస్తువులను కూడా తనతో కలుపుకుంటుంది. ఆదివారం కదా, పదింటికి కారు చూడటానికి మనుషులు వస్తామన్నారు. ఇంతకుముందు వచ్చిన ముగ్గురూ టైర్లను కాలితో తన్ని చూసి వెళ్ళిపోయారు. ఈసారైనా అమ్ముడుపోతే బాగుండునని బానెట్ తుడుస్తుంటే ఇస్మాయిల్ చిచ్చా గుర్తొచ్చాడు.

మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. మెకానిక్. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ చిచ్చాయే. బండి కొనాలనుకున్నవాళ్ళు ముందు ఆయన్ని అడగడం మా వైపు అలవాటు. ఆయన ధర అడగడు, రంగు అడగడు, ఏ కంపెనీదో కూడా అడగడు. రోజుకు ఎంత దూరం తిరుగుతారని మాత్రం అడుగుతాడు. నేను వెళ్ళినప్పుడూ అదే అడిగాడు. గౌడవెల్లిలో మా ఇంటి నుంచి మేడ్చల్‌లో నేను పనిచేసే మందుల కంపెనీకి నాలుగైదు కిలోమీటర్లు. అదే చెప్పాను.

"గంతేనా? అయితే పెట్రోల్‌ది దీస్కో బేటీ. డీజిల్‌కు దూరం గావాలె. పొగగొట్టంల జల్లెడ లెక్క ఒకటుంటది. గింత గింత దూరం తిరిగితె అది మసితోని మూస్కపోతది. మస్తు దూరం నడిస్తెనే గా మసి కాలిపోతది."

"పెట్రోల్ బండి కొంటె నీ షెడ్డుకు నేనెందుకొస్త చిచ్చా?" అన్నాను నవ్వుతూ.

"చాయ్ తాగనీకి రా," అన్నాడు.

నేను డీజిలే కొన్నాను. కన్నతండ్రే కదా, తప్పంతా మా బాపు మీదికి నెట్టేయవచ్చు. ఆయన బతుకంతా ట్రాక్టర్ మీద గడిచింది. పెట్రోలుతో నడిచేదేదీ ఆయన దృష్టిలో ఇంజినే కాదు. "డీజిల్ బండంటె బండి," అంటాడు. కానీ నిజం చెప్పాలంటే ఆ మోజు నాకూ ఉండేది. కంపెనీ ల్యాబులో రోజూ పదిమంది పనిలో తప్పులు పట్టేదాన్ని, షెడ్డులో కూర్చునే మనిషి నాకు చెప్పేదేమిటన్న పొగరు కూడా ఉండేది.

నాలుగు నెలలు తిరక్కుండానే స్టీరింగ్ వెనక పసుపు దీపం వెలిగింది. ఎంత తొక్కినా కారు వేగం అందుకోనని మొరాయించింది. షెడ్డు దాకా దారి పొడవునా జవాబులు తయారుచేసుకున్నాను. ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"తూప్రాన్ దాక పోనీ. ఒక్క తీరుగ తొక్కు, ఆపకు."

హైవే ఎక్కాం. సగం దారి దాటాక దీపం ఆరిపోయింది. ఇక ఉండబట్టలేక అడిగాను.

"నన్ను గట్టిగ ఎందుకు ఆపలే చిచ్చా?"

"జెప్పిన గద. జెప్పుడు నా పని. కొనుడు నీ పని," అన్నాడు, అద్దంలోంచి బయటికి చూస్తూ.

అప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలు ఏ పనీ లేకపోయినా తూప్రాన్ వెళ్ళి, చాయ్ తాగి రావడం మొదలైంది. కారు నన్ను తిప్పాల్సింది పోయి నేనే కారును తిప్పేదాన్ని. వీలున్నప్పుడు చిచ్చా కూడా వచ్చేవాడు. ఆయన చెప్పిందే నిజమని ఆ ప్రయాణాల్లో నేను ఒక్కసారీ అనలేదు. నోటిదాకా వచ్చేది, తర్వాత చూద్దాంలే అనుకునేదాన్ని. నిరుడు వానాకాలంలో ఆయన పోయాడు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు టైల్స్ దుకాణం ఉంది. ఆ ఒక్క మాట అననందుకు నాకు ఈరోజుకీ సిగ్గుగానే ఉంది.

పదింటికి వచ్చినవాళ్ళు నాగారం నుంచి వచ్చిన భార్యాభర్తలు. భర్తకు కారు చూడగానే నచ్చింది. బయానా ఇప్పుడే ఇస్తానని జేబులో చెయ్యి పెట్టాడు. నేను తాళంచెవి పట్టుకుని నిలబడ్డాను. అడగకుండా ఊరుకుంటే పని అయిపోయేది.

"రోజుకు ఎంత దూరం పోతరు?" అన్నాను.

"నాకు గాదు, ఈమెకే. టీచర్. బడి రెండు కిలోమీటర్లు గూడ ఉండది."

"అయితె గీ బండి మీకొద్దు. పెట్రోల్‌ది సూస్కోండ్రి."

జల్లెడ సంగతి, మసి సంగతి, తూప్రాన్ సంగతి అన్నీ చెప్పాను. భర్త నా వంక వింతగా చూశాడు. "అమ్మెటోళ్లే గిట్లంటరా?" అంటూ తన స్కూటర్ వైపు నడిచాడు. భార్య మాత్రం గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మరి మీరెందుకు కొన్నరు మేడం?"

"నాకు గూడ గిట్లనే జెప్పినాయన ఒకాయన ఉండె. ఆయన జెప్పిందే నిజం. నేనే ఇనలే."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. కారు ఇంకా మా వాకిట్లోనే ఉంది. ఎండ తగ్గాక తూప్రాన్ వెళ్ళి రావాలి.