డబ్బీ అడుగున ముడుపు

నేను బడికి పోయిందాన్ని కాదు. చిన్నప్పుడు ఆయాసం ఎక్కువ. నాలుగడుగులు గబగబా వేస్తే ఊపిరి అందేది కాదు. అందుకని మా బాపు ఇంట్లోనే చదువు చెప్పాడు. ఒక పలక, పాత పంచాంగం, మా చిన్న దుకాణం గల్లాపెట్టెలోని చిల్లర, ఇవే నా పుస్తకాలు. నలుపలకలుగా ఉన్నది ఐదు పైసలని, అంచు వంకీలు తిరిగినది పది పైసలని, అంకె రాకముందే వేళ్లతో తెలిసిపోయేది. హిందీ అక్షరాలు కూడా పైసల మీదే కూడబలుక్కుని నేర్చుకున్నాను. దాంతో నాణేలంటే ఒక చనువు ఏర్పడింది. పెళ్లై చేవెళ్లకు వచ్చినా అది పోలేదు.

నా దగ్గర ఖరీదైనవి ఏమీ లేవు. వీధి చివర కిరాణా దుకాణం నడిపే ఆమె పాత పైస ఏదైనా కనబడితే పక్కకు తీసిపెడుతుంది. అంగడి రోజు ఇనుప సామాన్ల వాళ్ల ముందు కూర్చుంటే, తాళంచెవుల కుప్పలో ఒకటో రెండో దొరుకుతాయి. పొద్దున పూజ అయ్యాక, వంట మొదలుపెట్టకముందు, పాత చీర ముక్క పరిచి వాటిని పోసుకుంటాను. నాణెం మీది సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉందేమో చూస్తాను. ఉంటే అది మన హైదరాబాద్ టంకశాలలో పడ్డదన్నమాట. ఎన్ని చేతులు మారి, ఎన్ని ఊళ్లు తిరిగి వచ్చిందో అనుకుంటూ దాన్ని కాసేపు అరచేతిలో ఉంచుకుంటాను. ఇంత చిన్న సంతోషానికి అవసరమైన కంటిచూపు, తీరిక దేవుడు ఇచ్చాడు కదా అని దండం పెట్టుకుంటాను. మా ఆయన మాత్రం ఆ చీర ముక్కను "నీ రెండో దేవునర్ర" అంటాడు, అంటే రెండో పూజగది.

ఒకసారి మా ఆడబిడ్డ వచ్చినప్పుడు, ప్రేమకొద్దీ నా నాణేలన్నిటినీ చింతపండు వేసి, పూజ సామాను తోమినట్టు తోమింది. తళతళలాడాయి కానీ బొమ్మలు సగం పోయాయి. పాతవి తోమితే విలువ పోతుందని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? రెండు చేతులూ ఎర్రబడేదాకా తోమింది పాపం. కూర్చోబెట్టి చాయ పెట్టిచ్చాను.

నాకు బేరాలు దొరికే అసలు చోటు మొయినాబాద్. రోడ్డు పక్కన నీలం పరదా కింద ఒకాయన పాత సామాన్లు అమ్ముతాడు. దర్వాజాలు, కుట్టు మిషన్లు, ఇత్తడి బిందెలు. ఫామ్‌హౌస్‌లకు వచ్చే కార్లవాళ్లకు ఒక ధర చెబుతాడు, నాలాంటి బస్సువాళ్లకు ఒక ధర. మెహదీపట్నం పోయి కళ్లు చూపించుకుని వస్తున్న ఒక రోజు అక్కడ దిగాను.

"అక్కా, సరిగ్గ అచ్చినవ్. గిది చూడు, నిజాం కాలంది," అంటూ ఒక ఇత్తడి రంగు బిళ్ల చేతిలో పెట్టాడు. తామరపువ్వు ఉన్న ఇరవై పైసలు.

"నిజాం కాలంల గిది ఎక్కడిదన్నా? గిది నా ఈడుది."

"అయితే పాతదే గదక్కా."

"నన్ను పాతదంటున్నవా?"

"పాతదానికే గిరాకీ. మంచి మాటే అన్న."

నవ్వు ఆపుకోలేక పక్కకు తిరిగాను. అక్కడ బిందెల మధ్య అరచేయంత ఇత్తడి డబ్బీ ఒకటి కనబడింది. మూత బిగుసుకుపోయింది. ఊపితే లోపల గలగలమంది.

"మూత రాదక్కా. లోపల ఏమున్నదో నీ అదృష్టం. ఐదొందలియ్యి."

"రాని మూతకు ఐదొందలా? లోపల మేకులుంటే?"

"మేకులుంటే వాపస్ తీస్కుంట."

"పైసలుంటే?"

"పైసలుంటే మళ్ల అచ్చినప్పుడు నాకు చాయ తాపియ్యాలె."

బేరం సగం ధరకు తెగింది. చేవెళ్ల బస్సు వస్తే డబ్బీని సంచిలో వేసుకుని ఎక్కాను. దారి పొడుగునా సంచిని ఒళ్లోనే పెట్టుకున్నాను.

ఇంటికొచ్చి మూత చుట్టూ గోరువెచ్చని కొబ్బరినూనె రాసి ఉంచాను. మర్నాడు పూజ అయ్యాక గుడ్డతో పట్టి తిప్పితే కదిలింది. లోపల రాగి చిల్లుపైసలు, ఒక్క పైసలు, రెండు పైసలు ఉన్నాయి. అన్నీ చీర ముక్క మీద పోశాను. అడుగున ఇంకేదో అంటుకుని ఉంది. గరిటె కాడతో లేపితే వచ్చింది. పసుపు గుడ్డ, పాతబడి అట్టలా గట్టిపడింది. మూడు ముళ్లు వేసి ఉంది.

ముడుపు. ఆపద వచ్చినప్పుడు, ఇది గట్టెక్కితే నీ గుడికొచ్చి ఇచ్చుకుంటాను స్వామీ అని కట్టుకునే ముడుపు. ఎవరో, ఎప్పుడో, ఎవరి ప్రాణం కోసమో కట్టారు. అది దేవుడికి చేరలేదు. నా వంటింట్లో నా ముందున్నది.

గుడ్డ మీదుగా వేళ్లు తగిలితే లోపల పెద్ద బిళ్ల తెలిసింది. బరువుంది. అంచుకు గీతలున్నాయి. వెండి రూపాయి. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి కోసం నేను ఎంతకాలంగా వెతుకుతున్నానో మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా ఆయన తొంగి చూశాడు. "విప్పి చూడరాదే. చూసినంక మళ్ల కట్టొచ్చు."

"ముడుపు ఇప్పేటందుకు మనమెవరం?"

"కొన్నది నువ్వే గదా."

"డబ్బీ కొన్న. మొక్కు కొనలే."

ముడుపును దేవుని పటాల కింద పెట్టాను. ఆ రోజంతా మనసు అటే లాగింది. రూపాయి కోసం కొంత. అది దాచను. అంతకంటే, ఇది పోగొట్టుకున్నవాళ్లు ఏ స్థితిలో ఉన్నారో అనే ఆలోచన నన్ను కూర్చోనియ్యలేదు. మర్నాడు పొద్దున్నే మొయినాబాద్ బస్సెక్కాను.

నన్ను చూడగానే దుకాణపాయన చేతులూపాడు. "వాపస్ తీస్కోనక్కా. మేకులుంటేనే అన్న."

"వాపస్ కాదన్నా. డబ్బీ ఎవరింట్లకెల్లి అచ్చిందో చెప్పు. లోపల ముడుపున్నది."

ఆయన ముఖం మారింది. కాసేపు తల గోక్కున్నాడు. "చిన్న మంగళారం ఊర్ల ఒక పెంకుటిల్లు ఇడగొట్టిన్రు. గా సామాన్లల్ల అచ్చింది. గా ఇంటోళ్లు ఇప్పుడు ఎనకనే పచ్చ రంగు బిల్డింగుల ఉంటున్నరు. గానీ నేను చెప్పిన్నని చెప్పకక్కా. బిందెలు గూడ వాపస్ అడుగుతరు."

చాయ తాపిద్దామంటే, "ముందు గా పని చూస్కో," అని తనే ఆటోను ఆపాడు.

పచ్చ బిల్డింగు ముందు నలభై ఏళ్ల ఆడమనిషి నిలబడి ఫోన్‌లో ఎవరినో బతిమాలుతోంది. "ఇయ్యాల ఎట్లన్న ఒప్పిస్తం డాక్టర్ సాబ్. జర ఆగున్రి." ఫోన్ పెట్టేశాక నేను సంచిలోంచి డబ్బీ తీసి, ఇది మీదేనా అని అడిగాను. ఆమె గబుక్కున నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయింది.

"మెల్లగ అక్కా. గది నేనే అమ్మిన. మూత రాకపోతే పాత ఇనుముల ఏసిన. లోపల ముడుపున్నదని నాకు ఎర్కలే." కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా అత్తమ్మ జారిపడి తుంటి ఎముక ఇరగ్గొట్టుకున్నది. ఆపరేషన్ చెయ్యకపోతే మళ్ల లేవదన్నరు. ముడుపు దేవునికి చేరందే దవాఖానకు రానంటది. ఇల్లంత దేవులాడిపిస్తున్నది. నేను అమ్మిన్నని చెప్పుదామంటే నోరు వస్తలే."

నేను లోపలికి పోయాను. మంచం మీద ముసలామె పడుకుని ఉంది. నొప్పికి పెదవులు ఎండిపోయి ఉన్నాయి, చూపు మాత్రం చురుగ్గా ఉంది. నేను ఎవరినో చెప్పి, ముడుపును ఆమె చేతిలో పెట్టాను. ముళ్లను వేళ్లతో తడిమి, కళ్లకు అద్దుకుంది. చాలాసేపు అట్లాగే ఉంచుకుంది.

"ఎక్కడ దొరికింది బిడ్డా?"

అబద్ధం ఆడడం నాకు చేతకాదు. నిజం చెబితే, గుమ్మంలో నిలబడ్డ కోడలు ఏమైపోవాలి? "డబ్బీల ఉండెనవ్వా," అన్నాను.

"డబ్బీ ఎక్కడుండె?"

నేను సంచి మూతి సర్దుకున్నాను. ముసలామె కోడలి వైపు చూసింది. "నువ్వు చెప్పవు, ఈమె చెప్పదు. గా పాత సామాన్లాయన బండి మన వాకిట్ల నిలబడితే నేను చూడలేదనుకున్నవానే? డబ్బీ గూడ అండ్లనే పోయిందని నాకెర్కే."

"ఎర్కుంటే నన్నెందుకు అడగలే అత్తమ్మా?"

"అడిగితే ఏడుస్తవు. ఏడ్చుకుంట తిండి మానేస్తవు. గందుకే నువ్వే చెప్తవని చూసిన."

కోడలు వచ్చి మంచం కోడు పక్కన కూలబడింది. ముసలామె ముడుపును ఆమె చేతికిచ్చింది.

"గిది నీ కోసం కట్టిందే. నీ కాన్పప్పుడు తల్లి దక్కదన్నరు దవాఖానల. గప్పుడు కట్టిన అనంతగిరి స్వామికి. నువ్వు లేచినవు, పిల్ల పెరిగింది. పోదాం పోదామనంగనే మీ మామ మంచం పట్టిండు. ఆయన పోయిండు. ఇల్లు కట్టుడు మొదలైంది. గిట్లనే ఏండ్లు గడిచినయి. ఇప్పుడు గిది ఇయ్యకుండ కత్తి కిందికి పోతే, స్వామి ముంగట ఏ మొఖం పెట్టుకుంట?"

తన కోసం కట్టిన ముడుపని కోడలికి అంతవరకు తెలియదట. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముసలామె ఆమె తల మీద చెయ్యి వేసి నా వైపు చూసింది.

ఆ క్షణంలో కూడా నా నోరు ఊరుకోలేదు. "అవ్వా, లోపలి రూపాయి మీద చార్మినార్ ఉన్నదా?"

"ఏమో బిడ్డా. గుండ్రంగున్నది. అన్నం ఉడకని రోజుల్ల గూడ దాన్ని తియ్యలే. గంతనే నాకు యాదికున్నది."

మిగతా పైసలు నేను తిరిగి ఇవ్వబోతే, పిల్లల మొలతాళ్లకు కట్టిన చిల్లుపైసలు మాత్రం ఉంచుకుని, తక్కినవి డబ్బీతో సహా నన్నే తీసుకుపొమ్మంది.

ఆమెను గుడికి తీసుకుపోయే వీలు లేదు. కాబట్టి ఎవరి కోసం కట్టారో వాళ్లే పోయి ఇవ్వాలని ఆమె తీర్పు చెప్పింది. పక్క గదిలోంచి వచ్చిన ఆమె కొడుకు అంబులెన్స్‌కు ఫోన్ చేస్తానన్నాడు. "ముందు ముడుపు చేరనీ. చేరినంక ఫోన్ చెయ్యమను. గప్పుడు బండెక్కుత," అంది. మాట ఇచ్చిందంటే తప్పదని కొడుకు నాకు మెల్లగా చెప్పాడు.

డ్రైవరును పెట్టుకుని వాళ్ల కారులో కోడలు, నేను బయలుదేరాం. ఆమె ఒక్కతే పోలేనంది. చేవెళ్ల దాటుతున్నప్పుడు మా ఆయనకు ఫోన్ చేసి, అన్నం వండి ఉంది, చారు వేడి చేసుకోమని చెప్పాను. కోడలు ముడుపును వికారాబాద్ దాకా రెండు చేతుల మధ్యే పట్టుకుని కూర్చుంది. అనంతగిరి గుట్ట ఎక్కేటప్పుడు, "రోజూ కోపం చేస్తదక్కా. కూరల ఉప్పెక్కువైందని, ముగ్గు వంకరున్నదని. గింత మొక్కు మొక్కిందని ఒక్కనాడు చెప్పలే," అంది.

గుడిలో జనం తక్కువ. ఆమె స్వామి ముందు ముడుపును తలకు తాకించుకుని హుండీలో వేసింది. గుడ్డలో ఉంది కదా, చప్పుడు కూడా రాలేదు. నా పక్కనుంచే ఆ రూపాయి వెళ్లిపోయింది. నిజం చెప్పాలంటే నాకు దిగులు కలగలేదు. ఛాతీ మీంచి బరువు దించినట్టయింది. చిన్నప్పుడు ఆయాసం తగ్గి ఊపిరి పూర్తిగా అందినప్పుడు ఎట్లా ఉండేదో, అట్లా ఉంది.

కోడలు ఫోన్ చేసి, "ఇచ్చినం అత్తమ్మా," అంది. అవతల నమ్మకం లేనట్టుంది. "గంట కొట్టమంటున్నదక్కా. వినాల్నట."

నేను గంట కొట్టాను. ఆమె ఫోన్‌ను పైకి ఎత్తి పట్టుకుంది. పూజారి మా వైపు ఒకసారి చూసి తీర్థం ఇచ్చాడు.

కొంచెంసేపటికి ముసలామె గొంతు నాకు కూడా వినబడింది. "మంచిది. ఇగ బండి పిలువున్రి."

కోడలు అక్కడే మెట్టు మీద కూర్చుని పైకే నవ్వేసింది. పొద్దున్నుంచి ఏమీ తినలేదట. దిగి వస్తూ రోడ్డు పక్క బండి దగ్గర మిర్చి బజ్జీలు తీసుకున్నాం. రెండోది కొరుకుతుండగా ఫోన్ మోగింది. అంబులెన్స్‌లోంచి కొడుకు. ఫోన్ వెంటనే ముసలామె లాక్కున్నట్టుంది.

"బండి గింత మెల్లగ పోతున్నదేందే? గండిపేట గూడ దాటలే. జర వీనికి చెప్పరాదు."

ఆపరేషన్ మంచిగానే అయింది. కొన్నాళ్లకు కోడలు ఫోన్ చేసింది. నేను అప్పుడే సాయంత్రం దీపం పెడుతున్నాను.

"ఇయ్యాల నిలబెట్టిన్రక్కా. నాలుగడుగులు ఏసింది. చాయల చక్కెర తక్కువున్నదని నర్సుతోని కొట్లాడుతున్నది."

"కొట్లాడనియ్యి," అన్నాను. ఫోన్ పక్కన పెట్టి, ఆరిపోయిన అగ్గిపుల్లను పారేసి, ఇంకోటి గీశాను.