తీసిన కొసరు

బజారు మొదట్లో, చేపల ఐసు నీళ్లు పారే చోట, సోయా మొలకల తొట్టి ముందు రబ్బరు బూట్లేసుకుని గొంతుక్కూర్చుంటుంది మొలకలమ్మే సామ్‌వొల్ మామ్మ. మొలకలు తూచి సంచిలో పోశాక, మొహం అటు తిప్పుకుని మరో గుప్పెడు కుక్కడం ఆవిడ అలవాటు. ఎవరైనా నవ్వి మెచ్చుకోబోతే కసురుతుంది: "చాల్లే, పోయి పులుసు కాచుకో!" నోరు తెరిచి కొసరు అడిగినవాళ్లకు మాత్రం ఒక్క మొలక కూడా రాలదు. ఇది బజారంతటికీ తెలుసు.

నిన్న కర్రకు ఫోను తగిలించుకుని వచ్చిన యువకుడికి తెలియదు. బజారు మనుషుల మంచితనం వీడియో తీసి లోకానికి చూపిస్తాడట. ఆవిడ ఎప్పటిలాగే తూచి, గుప్పెడు కుక్కి, సంచి అందించింది.

"అయ్యో మామ్మా, ఆ ముక్క నేను సరిగ్గా తీయలేదు. ఆ కొసరు బయటికి తీసి మళ్లీ వెయ్యవా? ఈసారి కాస్త నవ్వుతూ."

పక్కన చేప కోస్తున్న మాన్‌బోక్ కత్తి ఆపాడు. సామ్‌వొల్ మెడ నరాలు ఉబ్బాయి. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు మొలకలూ తీసి, తొట్టిలో విసిరికొట్టింది. యువకుడు ఫోను ఇంకా దగ్గరికి జరిపాడు.

"ఇప్పుడు వెయ్యాలి మామ్మా!"

"ఎందుకు వెయ్యాలిరా? నువ్వు తీసేది నువ్వు తీశావు, నేను తీసేది నేను తీశాను. ఇక నడు!"

మాన్‌బోక్ చేపల ఉప్పు గిన్నె ఆవిడ ముందుకు తోశాడు. పీడ వదలాలని ఆవిడ గుప్పెడు ఉప్పు తీసి, వెళ్లిపోతున్న యువకుడి వెనక విసిరింది. అతనికి దక్కిన కొసరు అదే.