ఉప్పు నీళ్ళే, ఏం కాదు

తెలంగాణ కోసం ఉద్యోగులమంతా సమ్మెలో ఉన్న రోజులవి. నేను జనగామలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని. కాలేజీకి తాళం పడింది. పగలు దీక్షా శిబిరంలో కూర్చునేదాన్ని, మిగతా పొద్దంతా ఇంట్లో అక్వేరియం ముందు. మూడడుగుల గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్ళు, రెండు చారల చేపలు, హైదరాబాదులో కొన్న రాళ్ళు. ఆ రాళ్ళ మీద గుండీలంత మెత్తటి పగడాలు గుత్తులుగా ఉండేవి. సముద్రమే లేని ఊళ్ళో సముద్రాన్ని పెంచుతున్నానని నాకు కొంచెం గర్వం కూడా.

ఒక ఉదయం చూస్తే సగం పగడాలు విచ్చుకోలేదు. భూతద్దం పెట్టి చూశాను. బియ్యపు గింజంత నత్తలు, గుల్ల లేనివి, ఏ పగడాన్ని తింటే ఆ రంగులోకి మారి దాని మీదే అతుక్కుని ఉన్నాయి. మందు తెప్పిద్దామంటే బస్సులు నడవడం లేదు. రాళ్ళను బయటికి తీసి, నత్తలను ఏరి, గుడ్లను బ్రష్షుతో రుద్ది తీయడమొక్కటే దారి.

ఈ దారి చెప్పిన నా అక్వేరియం పుస్తకంలోనే ఇంకో మాట కూడా ఉంది. ఇలాంటి పగడాల్లో కొన్నిటికి గట్టి విషం ఉంటుంది, గ్లౌజులు లేకుండా ముట్టుకోకూడదు, చేతికి గాట్లుంటే మరీ ప్రమాదం అని. ఆ పేజీ నేను చదివాను.

మా ఇంట్లో పని చేసే ఆమెది దేవరుప్పుల వైపు తండా. భర్తతో, అక్కతో జనగామలోనే కిరాయి గదిలో ఉండేది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది. ఆ రోజు గిన్నెలు తోమి వెళ్తుంటే, "అక్కా, జర చెయ్యేస్తవా?" అని అడిగాను. నా దగ్గర కాలేజీ ల్యాబు నుంచి తెచ్చుకున్న గ్లౌజులు ఒకే ఒక జత ఉన్నాయి. అవి నేను తొడుక్కున్నాను.

ఆమె నా చేతుల వైపు చూసింది. "చేతులకేమన్న అయితదా మేడం?"

"ఏం కాదు. ఉప్పు నీళ్ళే."

ఆమె వేళ్ళ నిండా గాట్లున్నాయి. అంతకు ముందురోజే పత్తి ఏరడానికి పోయి వచ్చింది. అవి నాకు కనబడ్డాయి. ఉప్పుకు మండుతున్నా ఆమె పని ఆపలేదు. నాకంటే ముందే నత్తలను పసిగట్టేది. "గీడ ఇంకోటున్నది సూడుండ్రి, ఎట్ల దాసుకున్నదో!" అని నవ్వేది. నేనూ నవ్వాను.

సాయంత్రం ఆమె అక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. "మేడం, మా చెల్లె పెదవులు తిమ్మిరెక్కినయంటున్నది. ఊపిరాడుతలేదట. మస్తు పరేషానయితున్నది."

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. "ఏం ముట్టుకున్నది?" అని డాక్టర్ అడిగాడు.

"నిన్న పత్తికి పోయింది సారూ," అంది వాళ్ళక్క.

"పత్తికి కొట్టిన మందు అయ్యుంటది," అని డాక్టర్ నా వైపు చూశాడు. చదువుకున్న మనిషిని కదా, నన్ను అడుగుతున్నట్టు చూశాడు.

"అయ్యుండొచ్చు," అన్నాను.

ఆ ఒక్క మాట ఎందుకన్నానో ఎన్నిసార్లు ఆలోచించినా జవాబొకటే. తప్పు నాదని ఆ గదిలో ఎవరికీ తెలియకూడదనుకున్నాను. ఆమె ప్రాణం మీదికొచ్చినప్పుడు కూడా నాకు నా మర్యాదే గుర్తొచ్చింది.

మర్నాడు శిబిరంలో మైకు ఇచ్చారు. మన యాసను వెక్కిరిస్తే, మనల్ని తక్కువగా చూస్తే ఇక ఊరుకునేది లేదన్నాను. ఆత్మగౌరవం గురించి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. కూర్చున్నాక పక్కనున్న టీచరమ్మ నీళ్ళిస్తే తాగకుండానే లేచాను. అక్కడి నుంచి నేరుగా దవాఖానకు పోయి డాక్టర్‌కు అంతా చెప్పాను. "నిన్న చెప్పాల్సింది," అని మాత్రం అన్నాడాయన.

మూడో రోజుకు ఆమె తేరుకుంది. ఆమె ఇంటికి చేరాక వాళ్ళ గదికి పోయి, గ్లౌజుల సంగతి, పుస్తకంలో చదివిన సంగతి దాచకుండా చెప్పాను. ఆమె గోడకానుకుని విన్నది.

"డాక్టర్ అడిగినప్పుడు మీరు పక్కనే ఉన్నరు గద మేడం?"

"ఉన్న అక్కా."

"పత్తికి ఎందుకు పోయినవని మా ఆయన నన్ను ఎన్ని తిట్లు తిట్టిండో. నేను నోర్మూసుకొని పడ్డ. ఇగ నేను రాను," అంది. గొంతులో కోపం లేదు. కోపముంటే నాకు కొంత తేలికయ్యేది.

నత్తలు మళ్ళీ రాలేదు. వారం తిరిగేసరికి పగడాలన్నీ పచ్చగా విచ్చుకున్నాయి. వాటి ముందు కూర్చోలేక తొట్టి మీద దుప్పటి కప్పాను. సమ్మె ముగిశాక దాన్ని హైదరాబాదులో రాళ్ళు కొన్న దుకాణానికే ఇచ్చేశాను.

ఆమె మా వీధిలోనే వేరే ఇంట్లో పనికి కుదిరింది. రోజూ మా గేటు ముందు నుంచే పోయేది. కనబడితే, "బాగున్నరా మేడం?" అని పలకరించేది. కొన్నాళ్ళకు నేను ఆ వేళకు బయటికి రావడం మానేశాను.