జానెడు సొరలు

నా జీవితంలో నేను రక్తం వచ్చేలా కొట్టింది ఒక్క మనిషినే. అతను హోటల్ వంటవాడు. అతని పెదవి చిట్లి గడ్డం మీదుగా రక్తం కారడం ఇప్పటికీ కళ్ల ముందు కనిపిస్తుంది. తప్పు అతనిది కాదని కొట్టిన మరునిమిషంలోనే తెలిసింది.

మా అమ్మాయికి తొలి కాన్పు. పొట్ట కోసి బిడ్డను తీశారు. ప్రోతరాపూర్‌లో మా ఇంటికి తెచ్చుకున్నాం గానీ పాలు పడలేదు. పసిదాన్ని రొమ్ముకు పెడితే రెండు సార్లు లాగి, ఏమీ రాక, కందిపోయి గుక్కపట్టి ఏడ్చేది. డాక్టరమ్మ డబ్బాపాలు రాసిచ్చింది. మా అమ్మాయి ఆ పాలసీసాను గోడకేసి కొట్టింది. బిడ్డకు పాలివ్వలేని దాన్ని ఎందుకు బతకాలని తల మంచానికేసి బాదుకుంటుంటే, నేను దాని చేతులు విరిచి పట్టుకుని అరిచాను.

మా వాళ్లలో బాలింతకు పాలు పడాలంటే పాల సొర పెట్టాలి. ఉడికించి, తోలు తీసి, పొడిపొడిగా నలిపి, వెల్లుల్లి దండిగా వేసి పుట్టు చేస్తారు. మా తాతలు శ్రీకాకుళం ఒడ్డు వదిలి ఈ దీవులకు వచ్చినప్పుడు ఆ వంట కూడా పడవెక్కింది. చిన్న సొరైతే లేతగా ఉండి తేలిగ్గా అరుగుతుంది. బజారులో ఆ వారమంతా పెద్దవే. లంబాలైన్ దగ్గర టూరిస్టులు తినే హోటల్లో చిన్నవి దొరుకుతాయని పక్కింటావిడ చెబితే బస్సెక్కాను. అక్కడ ఐసు మీద చేపలు పరిచి, ఏది కావాలో చూపించమంటారు. నేను వంటవాడికి నా జాన చూపించి, ఇంతకన్నా పెద్దది వద్దని, నూనె తగ్గించి పుట్టు చేసి పార్సిల్ కట్టమని చెప్పాను. ఐదు రోజులు అలాగే తెచ్చి, దగ్గర కూర్చుని తినిపించాను. ఎక్కడివని ఒక్క మాట అడగలేదు. చేపల వేటకెళ్లేవాడి కూతురిని, అడగాల్సింది.

ఆరో రోజు పార్సిల్ ఆలస్యమైంది. తొందరపెడదామని వంటగదిలోకి వెళ్లాను. అప్పుడే పడవ నుంచి తెచ్చిన సొర నేల మీద తోక కొట్టుకుంటోంది. వంటవాడు దాన్ని కాలితో తొక్కిపట్టి, కత్తి దించి పొట్ట పొడుగునా చీల్చాడు. లోపలికి చెయ్యి పెట్టి లాగాడు. జానెడు పిల్లలు. ఒక్కొక్కదానికీ మనిషి బిడ్డకున్నట్టే బొడ్డుతాడు. పళ్లెంలో పడ్డ పిల్ల నోరు తెరిచి మూస్తోంది. అతను దాని తల నరికాడు. పక్కదాన్ని అందుకున్నాడు.

మా నాన్న గాలానికి కడుపులో పిల్లలున్న నిండు సొర పడితే తాడు కోసి వదిలేసేవాడు. ఇంట్లో కడుపుతో ఉన్న మనిషి గానీ పచ్చి బాలింత గానీ ఉంటే, అలాంటి సొర మీద కత్తి పడకూడదన్నది మా ఇంటి పట్టింపు. ఒకసారి మాయాబందర్ జెట్టీ మీద మా చిన్నాన్న ఆ పట్టింపు మీరితే, నాన్న తెడ్డెత్తి ఆయన భుజం విరిగేలా కొట్టాడు. నాన్న కోపం నాకు బాగానే వచ్చింది. పొయ్యి పక్కనున్న ఇనుప గరిట అందుకుని వంటవాడి ముఖం మీద కొట్టాను. అతను కత్తి వదిలేసి చేతులు అడ్డం పెట్టుకుంటే ఆ చేతుల మీద కొట్టాను. మేనేజరు వచ్చి నన్ను జబ్బ పట్టి ఈడ్చేదాకా ఆగలేదు.

వంటవాడు తిరిగి చెయ్యెత్తలేదు. భుజంతో పెదవి తుడుచుకున్నాడు.

"దీదీ, జానెడు కన్నా పెద్దది వద్దని మీరే గదా బోలారు," అన్నాడు. "అంత ఛోటా పిల్ల వలకి తగల్దు. పేట్‌లోంచే తియ్యాల. రోజూ అలాగే తీసినాను."

ఇప్పుడు ఏ హోటల్లో కూర్చున్నా ఇదేం చేప, ఎదిగిందా, గుడ్లతో ఉందా, ఏ వలలో పడింది అని అడుగుతాను. మా అల్లుడు సిగ్గుతో మెనూ కార్డు వెనక ముఖం దాచుకుంటాడు. దాచుకోనీ. చెప్పలేకపోతే పప్పన్నం తెమ్మంటాను. అయితే ఈ బుద్ధి వచ్చేసరికి ఆలస్యమైపోయింది.

ఆ సాయంత్రం ఖాళీ చేతులతో బస్సు దిగాను. చీర మీద రక్తం సొరదో, వంటవాడిదో తెలియదు. ఇంట్లోంచి పసిదాని ఏడుపు వినిపించలేదు. గదిలోకి పరుగెత్తాను. మా అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది. పసిది గటగటా మింగుతోంది. రెండోవైపు జాకెట్టు తడిసిపోయింది.

"నీ సొర పనిచేసిందే అమ్మా," అంది, ఏడుస్తూ నవ్వుతూ. "రేపు కూడా తే. ఆ చిన్నయే తే."

ఆరు రోజులుగా నేను తిరిగింది ఆ మాట కోసమే. తల ఊపి, పెరట్లోకి వెళ్లి, గోడ పట్టుకుని కక్కుకున్నాను.