ఆయన అడిగిన వరుస

"నేను పోయినంక నా పక్కకు నీకని జాగ ఉంచకు. నన్ను మొగోళ్ళ వరుసల పండబెట్టున్రి" అన్నాడు మా ఆయన.

"గిన్నేండ్లు కాపురం జేసి గిప్పుడు నా పక్క వద్దాయె? సప్పుడు జెయ్యకుండ పండు" అన్నాను.

గోదావరిఖని దవాఖానాలో మేం మాట్లాడుకున్న చివరి మాటలవే. తెల్లారేసరికి పోయాడు.

దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. బొగ్గుబావిలో చనిపోయినవాళ్ళు తిరుగుతారని పక్కింటామె భయపడితే, "తిరిగెటోళ్ళను డ్యూటీ ఎక్కుమను, మనుషులు తక్కువున్నరు" అనేదాన్ని.

ఆయన మాట కూడా జ్వరంలో అన్నదే అనుకున్నాను. మా సమాధుల తోటలో మొగుడూపెళ్ళాలు పక్కపక్కనే ఉంటారు. పాస్టరుగారిని అడిగి ఆయన పక్కన నాకు చోటు ఉంచుకున్నాను. ఆ ధైర్యంతోనే రోజులు గడిపాను.

ఆ తర్వాత మా ఆడబిడ్డ కూతురు సునీత, తల్లివైపు, అంటే మా ఆయన వైపు, పెద్దలు ఎక్కడివాళ్ళో వెతకడం మొదలుపెట్టింది. ఎన్నో తరాల కిందటి తాతల్లో ఒకరు దక్షిణాన సముద్రం ఒడ్డున వడ్రంగి అని మాత్రమే ఇంట్లో తెలుసు. పాత ఓడసరుకుల లెక్కలు, సంఘం పుస్తకాలు కంప్యూటర్లో తిరగేసింది. మొరేవియా అనే దూరదేశం నుంచి తరంగంబాడి రేవుకు కొందరు క్రైస్తవ సహోదరులు వచ్చారట. చేతిపనులు చేసి, సరుకు అమ్ముకుని బతికారట. మా వడ్రంగి వాళ్ళలో ఒకడట.

ఒకరోజు అన్నం తింటూ చెప్పింది. "అత్తమ్మా, ఆళ్ళ సంఘంల మొగుడుపెండ్లాలను ఒక్కకాడ బొంద పెట్టరంట. మొగోళ్ళు ఒక దిక్కు, ఆడోళ్ళు ఒక దిక్కు."

నా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆయన చివరి మాట నేను సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

"మీ మామకు గీ ముచ్చట ఎరుకనా?"

"మామకెట్ల ఎరుకైతది? మా అమ్మకే తెల్వదు. నేనే మొన్న సూసిన."

ఆయనకు చదువు రాదు. గనిలో కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, ఇంటికొచ్చి పడుకోవడం, అంతే ఆయన బతుకు.

పోయిన నెల ఆయనతో పనిచేసిన ఒకాయన చనిపోయాడు. తోటలో చోటు దొరక్క కొడుకులు నా దగ్గరికొచ్చారు. ఆయన పక్కన నాకని ఉంచుకున్న చోటు ఇచ్చేశాను. కాగితం మీద వేలిముద్ర వేశాను. నన్నెక్కడ పెడతారో ఇప్పుడు నాకే తెలియదు.

ఎవరు చెప్పారు ఆయనకు? ఎంత ఆలోచించినా అంతుచిక్కలేదు.

సునీతా, ఇంక చాలు బిడ్డా. రాసిందంతా ఒకసారి చదువు. ఈ పక్కకొచ్చి చదువు, ఆ చెవు నాకు వినరాదు.