వినేవాళ్ళు ఒక ప్రశ్న అడగాలి

మా పక్కింటామె పోయిందన్న కబురు శనివారం పొద్దున ఫోన్లో వచ్చింది. తుమకూరు ఆసుపత్రి నుంచి ఆమె భర్త చేశాడు. "అక్కా, ఆమె పోయింది. పాపకు నువ్వే చెప్పు," అన్నాడు. ఆ తర్వాత ఏడుపు తప్ప ఏమీ వినిపించలేదు. వాళ్ళ పాప మా వంటింట్లోనే కూర్చుని ఉప్మా తింటోంది. పదకొండేళ్ళ పిల్ల. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "ఎప్పుడొస్తారంట పెద్దమ్మా?" అని అడిగింది. మధ్యాహ్నానికి వస్తారన్నాను. అది అబద్ధం కాదు. ఇరవై ఆరేళ్ళుగా సర్కారీ బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని, ఆ పిల్లకు ఒక్క మాట చెప్పలేకపోయాను. మధ్యాహ్నం బండి వచ్చి వాకిట్లో ఆగాక తనంతట తనే తెలుసుకుంది. ఆ విషయంలో నా మీద నాకు ఇంకా కోపం పోలేదు.

మాది కన్నడ సీమ అంచున, పావగడ తాలూకాలో నాగలమడికకు పోయే దారిలో ఒక ఊరు. చివరి వీధి దాటితే ఒకప్పుడు శెనక్కాయ చేన్లు. ఇప్పుడు కనుచూపు మేరా సోలార్ పలకలే. మా నాలుగెకరాలూ వాటి కిందే ఉన్నాయి. ఆమె భర్తకు ఆ పలకలు కడిగే పని. మా వీధిలో క్రైస్తవుల ఇల్లు వాళ్ళదొక్కటే. ఆదివారం ముగ్గురూ ఉతికిన బట్టలు కట్టుకుని, పావగడ చర్చికి మొదటి బస్సు ఎక్కేవాళ్ళు. ఆమె కూతుర్ని బడికి పంపలేదు. ఇంట్లోనే తానే చదువు చెప్పుకుంది.

నాకు మొదట్లో ఒళ్ళు మండిపోయేది. బళ్ళు తెరిచే ముందు ఇల్లిల్లూ తిరిగి, బడికి రాని పిల్లల పేర్లు రాసుకోవడం మా పని. నా పక్కింట్లోనే ఒక పేరు రాయాల్సి వచ్చింది. రెండేళ్ళు వరసగా రాశాను. రెండో ఏడు గడప మీదే నిలబడి, నువ్వేమైనా పెద్ద చదువులు చదివినావా అని కూడా అనేశాను. ఆమె మంచినీళ్ళు తాగి పొమ్మంది.

ఆ సాయంత్రమే పాప పలక పట్టుకుని మా ఇంటికొచ్చింది. అప్పటికి ఏడేళ్ళు. ఆ రోజు నేర్చుకున్న పాఠం నాకు చెప్పి రమ్మందట అమ్మ. చెప్పింది, చీమలు వరసలో ఎందుకు పోతాయో. చెప్పడం అయ్యాక కదలకుండా కూర్చుంది. ఏమని అడిగితే, "వినేవాళ్ళు ఒక ప్రశ్న అడగల్ల పెద్దమ్మా. అడిగితేనే పాఠం అయిపోయినట్టు," అంది. ఏదో అడిగాను. పాపకు జవాబు తెలియలేదు. "అమ్మనడిగి వచ్చి చెప్తా," అని గేటు తీసుకుని పరుగెత్తింది. మర్నాడు జవాబుతో వచ్చింది. గడప మీద నేనన్న మాటకు ఆమె ఇచ్చిన సమాధానం అదన్నమాట. నాలుగేళ్ళు, ఊళ్ళో ఉన్న ప్రతి సాయంత్రమూ, ఇదే తంతు. పరీక్షలేమీ లేవు ఆ ఇంట్లో. తెలియనివాళ్ళెవరికైనా చెప్పి వస్తేనే పాఠం వచ్చినట్టు లెక్క.

ఆమె ఎందుకిలా చేస్తోందో శెనక్కాయలు ఒలుస్తూ ఒకరోజు చెప్పింది. తనను ఆరేళ్ళకే హాస్టల్లో వేశారట. చదువు బాగానే చెప్పారట గానీ, నేర్చుకున్నది చెప్పుకోవడానికి సాయంత్రం ఎవరూ ఉండేవాళ్ళు కాదట. గోడకు చెప్పేదాన్నక్కా అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

వాళ్ళ ఇల్లు ఒకటే గది. గోడల నిండా కాలెండర్ల వెనకవైపు గీసిన పటాలు. పాత సామాన్ల అంగడిలో కొన్న సొట్టపడిన గ్లోబు, సీసాల్లో విత్తనాలు, అట్ట ఊడిన తెలుగు బైబిలు. పొద్దున ప్రార్థన కాగానే అందులోంచి రెండు వాక్యాలు చూసి రాయడమే చేతిరాత. ఎక్కాలు సోలార్ పార్కు కంచె దగ్గర నేర్పింది. వరసకు ఇన్ని పలకలు, ఇన్ని వరసలు, మొత్తం ఎన్ని? కావలివాడు తరమబోతే, "నా మొగుడు కడిగే పలకలు నా బిడ్డ లెక్కపెడితే అరిగిపోతాయాప్పా?" అందట. తర్వాత తర్వాత పాప తప్పు చెబితే ఆ కావలివాడే సరిదిద్దేవాడు. చివరికి నేను కూడా మా బడిలో మిగిలిన కన్నడ పుస్తకాలు తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టాను, చెప్పుకోవడానికి సిగ్గుపడుతూ.

అన్నిటికంటే పెద్ద పాఠం పినాకిని ఏరు. నాగలమడిక దగ్గర ఉత్త ఇసుకగా కనబడే ఈ ఏరు చివరికి ఎక్కడికి పోతుందని పాప అడిగిందట. పోయి చూద్దాం పద అందట ఆమె. అప్పటినుంచి ఏడాదికొకసారి, భర్తకు సెలవు దొరికినప్పుడు, ఏటి వెంబడి ఒక మజిలీ. ఒక ఏడు పేరూరు, మరో ఏడు తాడిపత్రి. ఎక్కడ ఆపారో తర్వాతి ఏడు అక్కణ్ణించే మొదలు. గండికోటకు నన్నూ తీసుకెళ్ళారు. లోయ అంచున బండ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుని, చిత్రాన్నం పొట్లాలు విప్పారు. కింద అంత లోతున నీళ్ళు. నేను ఊరుకోలేక రాయి ఎలా కోసుకుపోతుందో చెప్పబోయాను. "రవ్వంతసేపు ఉండక్కా," అంది ఆమె. "బిడ్డను చూడనీ. నోరు మనకు ఇంటికాడ గూడా ఉంటాది." నాకు కోపమొచ్చింది, నిజమే. కానీ పాప చాలాసేపు చూసి, ఇన్ని నీళ్ళు మన ఊళ్ళో ఎందుకాగలేదని అడిగితే, నేనూ పాఠం మాని నీళ్ళ వైపే చూశాను. ఇక మిగిలింది నెల్లూరు దాటి సముద్రం ఒక్కటే. అది వచ్చే ఏడు అనుకున్నారు.

ఆ వచ్చే ఏడు ఆమె కాళ్ళు వాచాయి. కిడ్నీలన్నారు. వారానికి రెండుసార్లు రక్తం కడిగించుకోవడానికి బస్సులో పోవడం మొదలైంది. అమ్మకు ఏదో జబ్బని మాత్రం పాపకు తెలుసు.

ఒక సాయంత్రం పాప పలక మీద రెండు అనపగింజలు గీసుకుని వచ్చింది. అవి గింజలు కావు, కిడ్నీలు అంది. టీ వడగట్టినట్టు రక్తాన్ని ఎలా వడగడతాయో, ఒకటి చెడితే రెండోది ఎలా మోస్తుందో, వేలు పెట్టి చూపిస్తూ చక్కగా చెప్పింది. చెప్పి కూర్చుంది. నేను అలవాటు చొప్పున, బుద్ధి లేకుండా, "రెండూ చెడిపోతే?" అన్నాను. అన్న తర్వాత గానీ నాకు తెలియలేదు ఏమన్నానో. "తెలీదు పెద్దమ్మా. అమ్మనడిగి వచ్చి చెప్తా," అని లేచింది. ఆగమన్నాను. వేరేది అడుగుతానన్నాను. ఒక పాఠానికి ఒకటే ప్రశ్న అని చెప్పి గేటు దాటి వెళ్ళిపోయింది. నేను మా వాకిట్లో నిలబడి వాళ్ళ తలుపు వైపు చూస్తూ ఉండిపోయాను. ఏం చేయగలను?

మర్నాడు పాప వచ్చి, "రెండూ చెడిపోతే మిషన్ కడుగుతాదంట. మిషన్ గూడా చాలకపోతే దేవుని దగ్గరికి పోతారంట. అమ్మ చెప్పింది," అంది. పలక తుడుచుకుని వెళ్ళిపోయింది.

నేను ఆమె దగ్గరికి వెళ్ళి తప్పయిపోయిందని చెయ్యి పట్టుకున్నాను. ఆమె నన్నే ఓదార్చింది. "నెల నుంచి చెప్పల్లని చూస్తాండానక్కా, నోరు రాలేదు. నువ్వు అదే అడుగుతావని తెలిసే పంపించినా," అంది. నాకు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. నన్నెందుకు వాడుకున్నావని గట్టిగానే అడిగాను. "ఇంకెవరుండారు నాకు?" అంది. తన తర్వాత పాపను నా బడిలోనే చేర్చుకోమంది. బడి మీద తనకేమీ కోపం లేదంది. "సాయంత్రం మాత్రం పలక తీసుకొని వస్తాది. కూర్చొని విను. గోడకు చెప్పుకోనీయొద్దు."

సరేనన్నాను. అలాంటప్పుడు ఇంకేమంటాం?

చర్చి వాళ్ళు వచ్చి పాటలు పాడి ఆమెను సాగనంపారు. పదిరోజులకు పాప పేరు మా బడి హాజరు పట్టీలో నా చేతులతోనే రాశాను. ఇన్నేళ్ళు నేను గెలవాలనుకున్నది అదే. తండ్రి సముద్రం మాట ఎత్తడం లేదు. ఆమె లేకుండా ఆ బస్సు ఎక్కలేనక్కా అన్నాడు. నువ్వు తీసుకుపో అని నన్నూ అడగలేదు. నేనూ తీసుకుపోతానని అనలేదు. ఆ మజిలీ వాళ్ళ ముగ్గురిది. నేను పట్టుకుపోతే అది వేరే ఊరు చూసి వచ్చినట్టవుతుందేమో. లేదా నాకే ధైర్యం లేదేమో.

మొన్న సాయంత్రం పాప మళ్ళీ పలక పట్టుకుని వచ్చింది. ఆమె పోయాక ఇదే మొదటిసారి. నందికొండల్లో పుట్టి, హిందూపురం దాటి, మన నాగలమడిక మీదుగా పినాకిని ఎలా పోతుందో గీసి చూపింది. తాను కాలు పెట్టిన చోటల్లా ఒక చుక్క పెట్టింది. చివర సముద్రం దగ్గర చుక్క పెట్టలేదు. చెప్పడం అయ్యాక చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూస్తూ కూర్చుంది. ఈసారి జాగ్రత్తగా, తేలికైనదే అడగాలనుకున్నాను.

"ఏరు పోయి సముద్రంలో కలిసే చోట నీళ్ళు సప్పగుంటాయా, ఉప్పగుంటాయా?" అన్నాను.

పాప ఆలోచించింది. "తెలీదు పెద్దమ్మా. అమ్మనడిగి వచ్చి చెప్తా," అని లేచింది. పలక చంకలో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఎప్పటిలాగే గబగబా గేటు దాకా పోయింది. గడియ మీద చెయ్యి వేసి, అక్కడే నిలబడిపోయింది.