జక్రయ్య బాబాయి విన్న పురుగుల పుస్తకం

పల్నాడు మొత్తం మీద పురుగులతో మాట్లాడగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు, మా జక్రయ్య బాబాయి. ఆయన చేలో అడుగు పెడితే చాలు, మిరప పూతలో దాక్కున్న తామర పురుగులు లేచి నిలబడి, బళ్ళో పిల్లల్లాగా హాజరు పలుకుతాయి. వినుకొండ రోడ్డు మీద ఎవర్నైనా అడగండి. అదేం లేదంటారు. వాళ్ళకి చెవులు లేవు.

ఆయనకి ఈ విద్య అబ్బడానికి కారణం నేను ఫోన్లోకి ఎక్కించిన పుస్తకం. తొమ్మిదో తరగతిలో నేను చదువు ఆపేశాను గానీ, ఆపకపోతే ఆ పుస్తకం నేనే రాసి ఉండేవాణ్ణి.

ఈ ఏడు బాబాయి కౌలు చేలో నల్ల తామర పురుగు పడింది. పువ్వు తుంచి అరచేతిలో దులిపితే మిరియాల పొడి చల్లినట్టు నల్లటి నలుసులు. పూత నిలవదు, నిలిచిన కాయ వంకర తిరుగుతుంది. పురుగుమందుల కొట్టు జయదేవ్ ఇచ్చినవన్నీ బాబాయి కొట్టాడు. ఆ ఘాటుకి పక్క మండలంలో దోమలు చచ్చాయి, మా చేలో పురుగులు మాత్రం ఒళ్ళు చేశాయి.

అప్పుడు దొరికింది ఆ పుస్తకం. ఎవరో శాస్త్రవేత్త పురుగుల మీద రాశాడు, ఒక అమ్మాయి చదివి వినిపిస్తుంది. మొత్తం పది గంటలు.

"పది గంటలు చెప్పుద్దంటే గట్టి మందేరా. పేరు చివర్లో చెప్పుద్ది," అన్నాడు బాబాయి.

ఆయన తప్పేం లేదు. మా వైపు మందుల కంపెనీల మీటింగులన్నీ అంతే. షామియానా వేసి, టీ ఇచ్చి, పురుగు పుట్టు పూర్వోత్తరాలన్నీ గంటసేపు చెప్పి, ఆఖర్న డబ్బా పైకెత్తి పేరు చెబుతారు. పేరు వినేదాకా లేవకూడదు.

ఫోన్ జేబులో పెట్టుకుని బాబాయి రోజుకో గంట చొప్పున వినడం మొదలుపెట్టాడు. నేలలో పదును ఉండగానే తోట దున్నేసి శనగ వేసుకుంటే కౌలు డబ్బులైనా వస్తాయి. ఆరిపోయాక ఏదీ మొలవదు. అందుకని మందు పేరు తెలిస్తే తోట ఉంచాలి, లేకపోతే దున్నాలి. ఆ ముక్క ఆ అమ్మాయి నోటి నుంచే రావాలి.

పక్క చేను ఆదాం గట్టు మీదికొచ్చాడు. "ఏరా జక్రయ్యా, మందు పేరొచ్చిందా?"

"ఇంకా రాలా. చీమల దగ్గరుంది."

"చీమలెందుకురా మనకి?"

"మనకెందుకో నాకేం తెలుసు. వరసలో చెప్తంది."

"నేను రేపు ట్రాక్టర్ పెడతన్నా. నువ్వు కూడా దున్నించెయ్యి, ఒకే బాడుగలో పోద్ది."

"ఇంకాస్త ఉందిలేరా, అయిపోనీ."

మర్నాడు ఆదాం చేలో ట్రాక్టర్ తిరుగుతుంటే ఇటు గట్టు మీద ఆ అమ్మాయి మందుల అధ్యాయానికి వచ్చింది. మందు కొడితే తట్టుకోలేనివి చస్తాయట. తట్టుకున్నవి మిగిలి పిల్లల్ని పెడతాయట. ఆ పిల్లలూ తట్టుకుంటాయట. బాబాయి ఫోన్ ఆపేశాడు. ఒక పువ్వు తుంచి అరచేతిలో దులిపాడు.

"ఒరేయ్, కల్లంలో తాలు కాయ ఏరేసి మేలు కాయ పోగేస్తాం చూడు. వీటిని కూడా అట్టా ఏరి పెట్టానన్నమాట. కూలీ నేనే."

"మరి దున్నేద్దామా బాబాయ్?"

"జబ్బు ఇంత ఇవరంగా చెప్పిన పిల్ల మందు చెప్పకుండా పోద్దా?" అని మళ్ళీ నొక్కాడు.

తర్వాత సీతాకోకచిలుకలు వచ్చాయి. పేడపురుగులు వచ్చాయి. బాబాయి జేబులోకి తల వంచి, "అమ్మా, వాటి సంగతి తర్వాత చూద్దాం, మా దాని గురించి చెప్పు తల్లీ," అన్నాడు. ఆ అమ్మాయి పేడపురుగుల్ని వదల్లేదు.

చివరికి రాసినాయన భార్యాపిల్లలకి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. చదివిన అమ్మాయి తన పేరు చెప్పింది. కాస్త సంగీతం వచ్చి ఆగిపోయింది. బాబాయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది."

"మధ్యలో నాకు కునుకు పట్టిందిరా. అప్పుడే చెప్పుంటది. మొదట్నించీ పెట్టు."

పెట్టాను. ఇంకేం చేయను? ఈసారి కునుకు రాకుండా నిలబడే విన్నాడు. కాలి కింద నల్లరేగడి నెర్రెలు విచ్చింది. ఆదాం చేలో శనగ మొలక పైకి కనబడుతోంది. ఆ అమ్మాయి మళ్ళీ అవే మాటలు, అదే గొంతుతో, అవే చోట్ల ఊపిరి తీసుకుంటూ చదివింది.

తర్వాత జరిగింది నేను టీకొట్టు దగ్గర నలుగురికీ చెబుతూనే ఉన్నాను. ఆ పుస్తకంలో తమ వంశచరిత్రంతా విని తామర పురుగులకి కళ్ళు తెరుచుకున్నాయి. జక్రయ్య బాబాయికి దండం పెట్టి, చేను ఖాళీ చేసి, వరసగా గుంటూరు బస్సెక్కి వెళ్ళిపోయాయి.

పక్కనే ఉన్న బాబాయి గ్లాసు కింద పెట్టాడు.

"అవి ఎక్కడికీ పోలా. తోట దున్నించేశా. శనగకి అదును దాటిపోయింది. చేను ఖాళీగా ఉంది. పుస్తకంలో మందు లేదు."